మూడు తాళంచెవులు

అమెరికా అన్నదమ్ముల యుద్ధంలో రహస్య లిపుల కథ

లక్కయింటికి బయలుదేరుతున్న ధర్మరాజును విదురుడు నలుగురి మధ్యనే హెచ్చరించాడు. చుట్టూ ఉన్నవారికి ఆ మాటలు వినిపించాయి గాని అర్థం కాలేదు. ఇనుముతో చేయని ఆయుధం ఒకటున్నదనీ, అడవి తగలబడినా కన్నంలో దూరిన జంతువు బ్రతికి బయటపడుతుందనీ ఆయన అన్నదానిలోని మర్మం ధర్మరాజొక్కడికే తెలిసింది. దానివల్లనే పాండవులూ, కుంతీ ప్రాణాలు దక్కించుకున్నారు.

దాయాదుల పోరులో రహస్య భాషకున్న విలువను భారతం ఏనాడో చెప్పింది. శత్రువు పరాయివాడయితే మన భాషే మనకు సగం రహస్యం. శత్రువు సొంత తమ్ముడే అయితే ఏం చేయాలి? అతనిదీ మన భాషే. అతడూ మనం చదివిన బడిలోనే చదివాడు. మన చేతివ్రాత కూడా ఎరుగును. అప్పుడు తెలిసిన భాషనే తెలియకుండా చేసుకోవాలి.

సరిగ్గా ఈ చిక్కే 1861లో అమెరికాకు వచ్చింది. బానిసత్వం ఉండాలని దక్షిణాది రాష్ట్రాలు విడిపోయి వేరే ప్రభుత్వం పెట్టుకున్నాయి. విడిపోవడానికి వీల్లేదని ఉత్తరాది పట్టుబట్టింది. 1861 ఏప్రిల్ నుంచి 1865 వసంతం దాకా నాలుగేళ్లు జరిగిన ఆ యుద్ధంలో ఆరు లక్షలకు పైగా సైనికులు చనిపోయారు. సుమారు 40 లక్షల మంది బానిసల బ్రతుకు దాని ఫలితంమీద ఆధారపడి ఉంది. ఈ యుద్ధం మీద గూఢచారి నవల వ్రాయదలచినవారికి కల్పించవలసిన పని తక్కువ. కొప్పులో దాచిన ఉత్తరాలు, సీసాలో బిగించిన రహస్యాలు, అర్ధరాత్రి తీగలు కోసి సందేశాలు దొంగిలించేవారు, అన్నీ నిజంగా జరిగినవే.

కొప్పులో కబురు

యుద్ధం మొదటి నెలల్లోనే ఒక స్త్రీ పేరు మారుమ్రోగింది. ఆమె రోజ్ గ్రీన్‌హౌ, వాషింగ్టన్ నగరంలో పలుకుబడి గల వితంతువు. పెద్ద పెద్ద అధికారులు ఆమె ఇంటికి విందులకు వచ్చేవారు. వారు నోరు జారిన మాటలను ఆమె సంకేతలిపిలో వ్రాసి దక్షిణాదికి చేరవేసేది. 1861 జూలైలో ఉత్తరాది సేన కదలబోతున్నదన్న కబురును బెటీ డువాల్ అనే యువతి తన కొప్పులో ముడిచి తీసుకుపోయింది. ఆ నెల 21న బుల్‌రన్ దగ్గర జరిగిన మొదటి పెద్ద యుద్ధంలో ఉత్తరాది సేన చిత్తుగా ఓడిపోయింది.

ఆగస్టులో గ్రీన్‌హౌను పట్టుకొని ఆమె ఇంటిలోనే నిర్బంధించారు. తర్వాత విడుదలై యూరప్ వెళ్లి, 1864 అక్టోబరు 1న తిరిగి వస్తుండగా, తీరం దగ్గర పడవ బోల్తాపడి మునిగిపోయింది. ఒంటిమీద దాచుకున్న బంగారు నాణేల బరువే ఆమెను అడుగుకు లాగింది.

అవతలి పక్షాన రిచ్‌మండ్‌లో, అంటే దక్షిణాది రాజధానిలోనే ఉంటూ, ఎలిజబెత్ వాన్ లూ అనే సంపన్నురాలు ఉత్తరాదికి కబుర్లు పంపింది. ఆమె 1900లో చనిపోయిన తర్వాత చూస్తే, ఆమె సంకేతలిపి తాళంచెవి గడియారపు డిప్పలో మడిచిపెట్టి ఉంది. యుద్ధం ముగిసి 35 ఏళ్లయినా ఆ కాగితాన్ని ఆమె విడిచిపెట్టలేదు!

తంతి ఆఫీసు కుర్రవాళ్లు

ఆడవాళ్ల సాహసాలు కథలకెక్కాయి. అంతకంటె పెద్ద పని ఒక గదిలో, బల్లల దగ్గర, చప్పుడు లేకుండా జరిగింది. అది వాషింగ్టన్‌లోని యుద్ధశాఖ భవనంలో ఉన్న తంతి ఆఫీసు.

అధ్యక్ష భవనంలో అప్పటికి తంతి లేదు. యుద్ధవార్తలు కావాలంటే లింకన్ తానే లేచి పక్కనున్న భవనానికి నడిచి రావలసిందే. ఆయన దాదాపు రోజూ వచ్చేవాడు. యుద్ధం జోరుగా ఉన్న రాత్రులు అక్కడే గడిపేవాడు. సొరుగులో దొంతరగా పెట్టిన తంతి నకళ్లను పైనుంచి ఒక్కొక్కటే చదువుకుంటూ, తాను అదివరకు చూసినవి తగిలేదాకా దిగేవాడు. 1862 వేసవిలో, ఆ ఆఫీసు అధికారి ఎకర్ట్ బల్ల దగ్గర కూర్చుని, రోజుకు కొన్ని వాక్యాల చొప్పున ఆయన వ్రాసుకున్నది బానిసల విముక్తి ప్రకటన ముసాయిదా అని అక్కడివారు తర్వాత చెప్పారు.

ఆ గదిలో సంకేతాలు చూసేవారు ముగ్గురు: డేవిడ్ హోమర్ బేట్స్, చార్లెస్ టింకర్, ఆల్బర్ట్ చాండ్లర్. యుద్ధం మొదలయ్యేనాటికి బేట్స్‌కు నిండా ఇరవై ఏళ్లు లేవు. అతడు రైల్వే తంతి ఉద్యోగి. రైల్వేలో పనిచేస్తున్న ఆండ్రూ కార్నెగీ, ఆ తర్వాత ఉక్కు వ్యాపారంలో కోటీశ్వరుడైన కార్నెగీయే, మొదట పిలిపించిన నలుగురిలో ఒకడు. వీరికి సైనిక హోదా లేదు. యూనిఫారం లేదు. నెలజీతం తీసుకునే గుమాస్తాలు. కాని దేశంలో ఎవరికీ తెలియని రహస్యాలు ముందు వారి చేతిలో పడేవి.

పెళ్లివారు పందిరి దాటడం

ఉత్తరాదివారు వాడిన సంకేత విధానం చాలా తేలికయినది. ఆన్సన్ స్టేగర్ అనే తంతి అధికారి 1861లో దానిని తయారుచేశాడు. మన పిల్లలు మాట్లాడుకునే క-భాషను మించిన తెలివి దానిలో లేదనిపిస్తుంది. తెలుగులో చేసి చూపితే మీకే తెలుస్తుంది.

"రేపు తెల్లవారకముందే మన సేన నది దాటి పడమటి కొండ ఎక్కుతుంది, ఈ సంగతి దాచండి" అని తంతి ఇవ్వాలనుకోండి. ముందుగా ముఖ్యమైన మాటలకు మారుపేర్లు పెట్టాలి. సేనకు "పెళ్లివారు", నదికి "పందిరి", కొండకు "కావిడి". ఇప్పుడు ఈ పన్నెండు మాటలను వరుసకు నాలుగు చొప్పున మూడు వరుసలు వ్రాయండి. అయితే చదివేటప్పుడు అడ్డంగా కాక నిలువుగా చదవాలి: మొదటి నిలువు క్రిందినుంచి పైకి, నాలుగోది పైనుంచి క్రిందికి, రెండోది పైకి, మూడోది క్రిందికి. ఒక్కొక్క నిలువు పూర్తికాగానే అర్థంలేని మాటొకటి చేర్చాలి. అప్పుడు తంతి ఇలా వెళుతుంది:

"ఎక్కుతుంది పందిరి రేపు బెల్లం పెళ్లివారు కావిడి దాచండి గొడుగు ఈ దాటి తెల్లవారకముందే పిల్లి మన పడమటి సంగతి చెంబు."

దారిలో తీగ కోసి విన్నవాడికి ఇది పిచ్చివాడి ప్రేలాపన. పుస్తకం చేతిలో ఉన్న గుమాస్తాకు అయిదు నిమిషాల పని. తంతి మొదటి మాటే "ఇన్ని వరుసలు, ఇదీ దారి" అని అతడికి చెప్పేస్తుంది. అమెరికావారి అసలు పుస్తకాల్లో మారుపేర్లు వందల సంఖ్యలో ఉండేవి. 1863 జూన్ 1న లింకన్ పంపిన ఒక తంతిలో అధ్యక్షుడంటే "ఆడం", రిచ్‌మండ్ అంటే "నెప్ట్యూన్", కర్నల్ అంటే "వీనస్". ఆ తంతి సారాంశమల్లా, శత్రువుల చెరలో ఉన్న ఇద్దరు పత్రికా విలేఖరులను వీలైతే విడిపించమని!

ఈ పద్ధతికి ఇంకో లాభం ఉంది. మాటలన్నీ వాడుక మాటలే కావడంవల్ల తంతి కొట్టేవాడు తప్పులు చేయడు. పుస్తకాలను యుద్ధకాలంలో పలుమార్లు మార్చారు. చివరి పుస్తకం 48 పేజీలు అయింది. అది గుమాస్తాలకు తప్ప మరెవరికీ, ఆఖరికి సేనాపతులకు కూడా, ఇవ్వరాదని నియమం. 1864 జనవరిలో జనరల్ గ్రాంట్ అంతటివాడు తన గుమాస్తా బెక్‌విత్‌ను బలవంతపెట్టి ఆ తాళంచెవిని తన అధికారి ఒకరికి ఇప్పించాడు. పైవారు తక్షణం బెక్‌విత్‌ను ఉద్యోగంలోనుంచి తీసేశారు! తప్పు తనదేననీ, తన ఆజ్ఞ ప్రకారమే అతడు నడుచుకున్నాడనీ గ్రాంట్ స్వయంగా వ్రాసిన మీదట గాని అతని ఉద్యోగం అతడికి దక్కలేదు.

గట్టి తాళం, వదులు చేతులు

దక్షిణాదివారి తాళం దీనికంటె ఎన్నో రెట్లు గట్టిది. ప్రతి అక్షరానికీ మరో అక్షరం వేస్తారు గాని, ఏ అక్షరానికి ఏది వేయాలన్నది అడుగడుక్కూ మారిపోతుంది. ఆ మార్పును నడిపించేది ఒక రహస్యవాక్యం. ఆ వాక్యంలోని మొదటి అక్షరం సందేశంలోని మొదటి అక్షరాన్ని ఎన్ని స్థానాలు జరపాలో చెబుతుంది, రెండోది రెండోదాన్ని, అలాగే చివరిదాకా. వాక్యం అయిపోతే మళ్లీ మొదటికి వస్తారు. వీజనేర్ అనే ఫ్రెంచివాని పేరుతో చలామణి అయిన ఈ పద్ధతిని ఎవరూ విప్పలేరని మూడు వందల ఏళ్లుగా ప్రతీతి. విప్పే సూత్రాన్ని కాసిస్కీ అనే జర్మన్ సైనికాధికారి 1863లో, అంటే ఈ యుద్ధం జరుగుతుండగానే, అచ్చువేశాడు.

కాని వాషింగ్టన్ కుర్రవాళ్లకు జర్మన్ గ్రంథం అక్కరలేకపోయింది. తాళం గట్టిదే, దానిని వేసిన చేతులే వదులు. దక్షిణాదివారు శ్రమ తగ్గుతుందని సందేశంలో ముఖ్యమైన మాటలను మాత్రం దాచి, మిగిలినవి మామూలుగా వ్రాసేవారు. పైగా దాచిన మాటల మధ్య ఖాళీ వదిలేవారు. దానితో ఏ మాటకు ఎన్ని అక్షరాలో పైకే తెలిసిపోయేది.

దీనివల్ల ఎంత నష్టమో ఒక ఉదాహరణ చూడండి. 1864 సెప్టెంబరు 30న దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్, పడమటి సేనాని కిర్బీ స్మిత్‌కు ఒక సందేశం పంపాడు. అందులో ఒకచోట, "ఆ భాగానికి ఎగువన" అన్న అర్థంగల మాటలు బాహాటంగా ఉన్నాయి. తర్వాత దాచిన మాటలు మూడు, వరుసగా రెండు, మూడు, అయిదు అక్షరాలవి. ఆ వెనుక "గస్తీ తిరిగే" అన్న అర్థంగల మాట మళ్లీ బాహాటమే. ఎగువ ఉన్నదీ, శత్రువుల పడవలు గస్తీ తిరిగేదీ ఏమిటి? నది! ఇంగ్లీషులో "ఆఫ్ ది రివర్" అని వ్రాస్తే సరిగ్గా రెండు, మూడు, అయిదు అక్షరాలు.

ఇక ఆ ఊహను పెట్టి వెనక్కు లెక్కవేస్తే, జరిపిన స్థానాలు రహస్యవాక్యంలోని అక్షరాలను బయటపెడతాయి: టి, ఇ, వి, ఐ, సి, టి, ఓ, ఆర్, వై, సి. మధ్యలో ఉన్న ఏడక్షరాలను చదివి చూడండి. "విక్టరీ"! ముందున్న రెండూ "కంప్లీట్" అన్న మాటకు తోక, చివరిది దానికే తల. తాళంచెవి "కంప్లీట్ విక్టరీ", అనగా సంపూర్ణ విజయం. అదే చెవితో ముందున్న మాటలను విప్పితే "నది దాటడం" అన్న సంగతి బయటపడుతుంది.

ఇంత పెద్ద యుద్ధానికి వారు విస్తారంగా వాడినట్టు తెలిసిన తాళంచెవులు మూడే మూడు: "మాంచెస్టర్ బ్లఫ్", "కంప్లీట్ విక్టరీ", చివరి రోజుల్లో "కమ్ రెట్రిబ్యూషన్". మూడింటికీ అక్షరాలు పదిహేనేసి. ఒకటి తెలిస్తే ఎన్నో ఉత్తరాలు విడిపోయాయి. ఇంటికి గాడ్రెజ్ తాళం వేసి, చెవిని గుమ్మం పక్క పూలకుండీ క్రింద పెట్టి ఊరికి వెళ్లినట్టుంది.

కామాలు పట్టిచ్చిన నోట్ల అచ్చు

1863 డిసెంబరులో న్యూయార్కు పోస్టుమాస్టరుకు ఒక కవరుమీద అనుమానం కలిగింది. అది కెనడా వైపున్న హాలిఫాక్స్‌లో అలెగ్జాండర్ కీత్ అనే ఆయనకు వెళుతున్నది. విప్పి చూస్తే లోపల గీతలూ, గుర్తులూ, వింత వింత అక్షరాలు కలగాపులగంగా ఉన్నాయి. యుద్ధశాఖలోని ఇతర గుమాస్తాలకు కొరుకుడు పడక చివరకు అది మన ముగ్గురి బల్లమీదకు చేరింది.

వ్రాసినవాడు ఒకటి కాదు, అనేక రకాల లిపులు కలిపి వాడాడు. అంత తెలివైనవాడూ మాటకూ మాటకూ మధ్య కామా పెట్టాడు! మాటల పొడవు తెలియగానే ముగ్గురూ తలా ఒక ఊహతో పట్టుకున్నారు. లింకన్ వచ్చి ఆత్రంగా చుట్టూ తిరుగుతున్నాడు. సుమారు నాలుగు గంటల్లో ఉత్తరం చదవడం పూర్తయింది. దక్షిణాది ప్రభుత్వపు నోట్లకూ, బాండ్లకూ అచ్చుపలకలు, సాక్షాత్తూ న్యూయార్కు నగరంలోనే ఒక చెక్కడపు పనివాడి దుకాణంలో తయారవుతున్నాయని అందులో ఉంది. ఆ ఏడాది ఆఖరి రోజున పోలీసులు దుకాణంమీద పడి పలకలనూ, యంత్రాలనూ, అచ్చయిన నోట్లనూ పట్టుకున్నారు. కుర్రవాళ్లకు నెలకు 25 డాలర్లు జీతం పెరిగింది.

చేరని సీసా

గెలుపు కబుర్లు ఇలా ఉండగా, రహస్యలిపి ఎవరికీ ఉపయోగపడని సందర్భం కూడా ఒకటుంది. మిసిసిపి నది ఒడ్డున ఉన్న విక్స్‌బర్గ్ కోటను 1863లో గ్రాంట్ ముట్టడించాడు. లోపల జనరల్ పెంబర్టన్ సేనా, ఊరి జనమూ చిక్కుపడిపోయారు. ఫిరంగి గుండ్లకు భయపడి ఆడవాళ్లూ, పిల్లలూ మట్టిగుట్టల్లో గుహలు తవ్వుకొని తలదాచుకున్నారు. తిండి కరువై కంచరగాడిద మాంసం దాకా వచ్చింది. నది అవతలినుంచి సాయం వస్తుందని పెంబర్టన్ ఎదురుచూస్తున్నాడు.

అవతలి ఒడ్డునుంచి ఒక వార్తాహరుడు బయలుదేరాడు. అతని దగ్గర బొటనవేలంత సీసా, అందులో దారంతో చుట్టిన చీటీ, ఒక తుపాకి గుండు ఉన్నాయి. పట్టుబడే పక్షాన సీసాను నదిలోకి విసిరితే గుండు బరువుకు మునిగిపోతుందని ఆ ఏర్పాటు. కాని అతడు విసరనూలేదు, అందించనూలేదు. చీటీమీద తేదీ 1863 జూలై 4. పెంబర్టన్ కోటను గ్రాంట్‌కు అప్పగించిన రోజూ అదే.

సీసా 1896లో రిచ్‌మండ్‌లోని ఒక మ్యూజియానికి చేరింది. మూత తీయకుండానే వందేళ్లకు పైగా అక్కడ ఉండిపోయింది. ఈ మధ్యనే, 2010లో, నిపుణులు దానిని తెరిపించి చదివారు. తాళంచెవి "మాంచెస్టర్ బ్లఫ్". సారాంశం ఇది: నదికి ఈ వైపునుంచి సాయం వస్తుందని ఆశపెట్టుకోవద్దు, నీవు ఎప్పుడు దాడిచేస్తావో చెబితే శత్రువు దృష్టి మళ్లించడానికి ప్రయత్నిస్తాను, తుపాకులకు కొన్ని మందుటోపీలు పంపాను.

వారాల తరబడి గుహల్లో ఆకలితో ఎదురుచూసినవారికి రావలసిన జవాబు అది. సమయానికి చేరినా వారికి ఒరిగేది ఏమీ లేదు.

తీగమీద దొంగలు

తీగలకు కాపలా పెట్టడం ఎవరి తరమూ కాదు. ఉత్తరాది సైనిక తంతిశాఖ యుద్ధకాలంలో 15,000 మైళ్ల తీగలు వేసింది. మోర్స్ చప్పుడు అన్నదమ్ములిద్దరికీ ఒకటే భాష. దక్షిణాది అశ్వదళ నాయకుడు మోర్గన్ వెంట ఎల్స్‌వర్త్ అనే తంతి నిపుణుడు ఉండేవాడు. 1862లో కెంటకీలో ఉరుములూ మెరుపుల మధ్య, నీళ్లలో కూర్చుని తీగకు తన యంత్రాన్ని తగిలించినందుకు స్నేహితులు అతనికి "మెరుపు" అని పేరుపెట్టారు. అతడు వినడంతో ఊరుకోక, శత్రువుల తంతి గుమాస్తాల చేతిని అనుకరించి దొంగ ఆజ్ఞలు కూడా పంపేవాడు.

1864లో గాస్టన్ అనే మరొకడు గ్రాంట్ శిబిరం వెనుక అడవిలో చేరి వారాలపాటు తంతి విన్నాడు. విన్నదంతా పందిరీ, బెల్లమే! ఒక్క ముక్క అర్థం కాలేదు. అయితే ఒకనాడు ఒక తంతి మామూలు భాషలో వెళ్లింది. సైన్యం ఆహారానికి తెచ్చిన పశువుల మంద ఫలానాచోట దిగుతుందని అందులో ఉన్నట్టు తంతిశాఖవారు తమ చరిత్రలో వ్రాసుకున్నారు. సెప్టెంబరు మధ్యలో దక్షిణాది గుర్రపురౌతులు మెరుపులా వచ్చి సుమారు 2,500 పశువులను తోలుకుపోయారు. ఆకలితో ఉన్న లీ సేనకు అది పండుగ. ఒక్క తంతిని మారుపేర్లలో వ్రాయడానికి బద్ధకించినందుకు ఉత్తరాదివారు చెల్లించిన వెల అది.

చివరి తాళంచెవి

1865 ఏప్రిల్ 14 రాత్రి నాటకశాలలో లింకన్‌ను జాన్ విల్క్స్ బూత్ కాల్చాడు. హోటల్ గదిలో అతని పెట్టె తీసి చూస్తే, దక్షిణాదివారి రహస్యలిపి పట్టిక ఒకటి దొరికింది. రిచ్‌మండ్‌లో పట్టుబడిన సంకేత యంత్రమూ, ఈ పట్టికా ఒకే పద్ధతివని తంతి ఆఫీసు అధికారి ఎకర్ట్ కుట్రదారుల విచారణలో సాక్ష్యం చెప్పాడు. ఆ నెలల్లో దక్షిణాదివారు వాడుతున్న తాళంచెవి "కమ్ రెట్రిబ్యూషన్". ప్రతీకారమా, రమ్మని దాని అర్థం. ఎన్నో రాత్రులు తమ బల్ల దగ్గర కూర్చున్న మనిషి మరణవార్తను దేశమంతటికీ పంపే పని ఆ తంతి ఆఫీసువారి మీదనే పడింది.

యుద్ధం ముగిసింది. ఎకర్ట్, చాండ్లర్ పెద్ద తంతి కంపెనీలకు అధ్యక్షులయ్యారు. బేట్స్ 1907లో లింకన్‌తో తన రోజులను పుస్తకంగా వ్రాశాడు. కాని అడవుల్లో, గుండ్లు కురిసే స్థలాల్లో తీగ పట్టుకొని కూర్చున్న మామూలు తంతి గుమాస్తాలను సర్కారు సైనికులుగా లెక్కకట్టలేదు. కాళ్లు పోయినవాడికీ, జబ్బుతో పోయినవాడి భార్యకూ సైనికుల పెన్షను దక్కలేదు. చివరకు 1897లో, ముప్పయ్యేళ్లు పైబడిన తర్వాత, మీరు గౌరవంగా పనిచేశారని ఒక పత్రం ఇచ్చారు. డబ్బు లేదు. అవసరంలో ఉన్న పాత స్నేహితులకు కార్నెగీ తన సొంత డబ్బులోనుంచి పెన్షన్లు ఇచ్చాడు.

నవలల్లో గూఢచారికి పిస్తోలూ, మారువేషమూ, మెరుపు తెలివీ ఉంటాయి. ఈ నిజకథలో నెగ్గినవారి ఆయుధం అది కాదు. వారి తాళం చిన్నది. కాని ప్రతిసారీ వేశారు, చెవిని మార్చుకున్నారు, గ్రాంట్ అడిగినా ఇవ్వకూడదనుకున్నారు. అవతలివారిది ఎవరూ తీయలేని తాళం. సంపూర్ణ విజయమని వ్రాసుకున్న చెవిని వారు తలుపుకే వదిలేశారు.